వీధి తలుపును సొంతంగా చేసుకునేవారికి చెక్క ఎంపిక: కొలత నుంచి ఆరబెట్టడం దాకా

వీధి తలుపును సొంత చేతులతో చేసుకోవాలనుకునే వారందరూ మొదట అడిగేది "ఏ చెక్క మంచిది?" అనే. నేను ఆ ప్రశ్నను మూడో స్థానంలో పెడతాను. చెక్క ఎంత ఆరింది, మాను లోపలి చేవ (ముదిరి గట్టిపడిన భాగం) ఎంత ఉంది అన్న రెండు ప్రశ్నలకు సరైన జవాబు దొరికితే, మామూలు వేపతో చేసిన తలుపు కూడా కడప ఎండకు నిలుస్తుంది. దొరకకపోతే ఖరీదైన టేకు సైతం రెండో వేసవికే మెలి తిరుగుతుంది.

ఈ మార్గదర్శి కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల ఎండనూ గాలినీ దృష్టిలో పెట్టుకుని రాసింది. కుసులు, బెజ్జాలు (ఒక చెక్కను మరొకదానిలో దూర్చి కలిపే అతుకులు) కొట్టే విధానం ఇందులో లేదు. ఉలి పట్టుకునే ముందు చేయవలసిన పనులు మాత్రమే ఉన్నాయి.

1. ముందు వాకిలిని గమనించండి

కలప డిపోకు వెళ్ళే ముందు ఒక రోజంతా వాకిలి మీద ఎండ ఎప్పుడు పడుతుందో, ఎంతసేపు ఉంటుందో చూడండి. తూర్పు వాకిలికి ఉదయపు ఎండే తగులుతుంది. పడమటి వాకిలికి మధ్యాహ్నం రెండు గంటల నుంచి పొద్దు గూకేదాకా ఎండ నేరుగా కొడుతుంది, పైగా నైరుతి గాలి తెచ్చే వాన జల్లు కూడా అటునుంచే వస్తుంది. పడమటి తలుపుకు వాడే చెక్కలో నేను ఏ చిన్న లోపాన్నీ ఒప్పుకోను.

తలుపు పైన సన్‌షేడ్ ఎంత ముందుకు వచ్చిందో కొలవండి. రెండడుగులకన్నా తక్కువైతే దాన్ని పెంచడానికి పెట్టే ఖర్చు, అంతకంటే మేలైన చెక్క కొనడానికి పెట్టే ఖర్చు కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది.

మరొక సంగతిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. మన ఇళ్ళలో తెల్లవారగానే వాకిట కల్లాపి చల్లుతారు. గడపను తరచుగా కడిగి పసుపు పూస్తారు. అంటే వాన లేని రోజుల్లో కూడా గడపకూ, ద్వారబంధం కాళ్ళకూ, తలుపు రెక్క అడుగు అంచుకూ నీళ్ళు తగులుతూనే ఉంటాయి. ఈ మూడు చోట్లా చేవ ఉన్న చెక్క తప్ప మరొకటి పెట్టకూడదు.

రాసుకోవలసినవి:
- వాకిలి దిక్కు, ఎండ పడే గంటలు
- సన్‌షేడ్ వెడల్పు
- గడప అడుగున రాతి బండ ఉందా, మట్టి ఉందా
- ఇంటి గోడల్లోనూ చుట్టుపక్కల చెట్లలోనూ చెదల జాడ ఉందా

2. కొలతలు, ఘనపుటడుగులు

చెక్కను ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. కోసిన చెక్కకు పొడవును అడుగుల్లోనూ, వెడల్పు మందాలను అంగుళాల్లోనూ తీసుకుని, మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి.

ఉదాహరణకు 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న ద్వారబంధాన్ని తీసుకుందాం. రెండు నిలువులు ఏడున్నర అడుగుల చొప్పున 15 అడుగులు, పైకమ్మీ, గడప నాలుగున్నర అడుగుల చొప్పున 9 అడుగులు, మొత్తం 24 అడుగులు. 24 × 5 × 3 ÷ 144 = 2.5 ఘనపుటడుగులు.

7 అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న రెక్కకు, సందు లేకుండా నిండు చెక్కగా లెక్కిస్తే, 7 × 42 × 1.5 ÷ 144, అంటే సుమారు 3.06 ఘనపుటడుగులు అవుతుంది. అయితే చిత్రిక పట్టడంలో ప్రతి ముఖం నుంచీ కొంత మందం పోతుంది, చివర్లలో పగుళ్ళున్న భాగాన్ని కోసి పారేయాలి. అందుకే లెక్కకు వచ్చినదానికి కనీసం నాలుగో వంతు కలిపి కొనండి. అంగుళంన్నర మందం చివరికి మిగలాలంటే రెండంగుళాల చెక్క తీసుకోవాలి.

దుంగను కొనేటప్పుడు లెక్క వేరు. చుట్టుకొలతలో నాలుగో వంతును అంగుళాల్లో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగులతో హెచ్చించి 144తో భాగిస్తారు. ఈ పద్ధతిలో బెరడునూ కోతలో పోయేదాన్నీ కొంత మినహాయించినట్టవుతుంది. అయినా మొదటిసారి తలుపు చేసేవారు దుంగ జోలికి పోవద్దని నా సలహా, ఎందుకంటే దుంగ లోపల ఏముందో కోస్తే గాని తెలియదు.

3. ఏ జాతి చెక్క

టేకు. ఆరేటప్పుడు తక్కువ కుంచించుకుంటుంది, సహజమైన నూనె ఉండటంతో చెదలనూ నీటినీ తట్టుకుంటుంది, చిత్రికకు చక్కగా లొంగుతుంది. ఆరిన టేకు ఘనపుటడుగుకు సుమారు 18 నుంచి 19 కిలోలు తూగుతుంది. నల్లమల అడవుల్లో సహజంగా పెరిగే జాతే ఇది. డిపోల్లో బర్మా, ఆఫ్రికా, నాగపూర్ అని రకరకాల పేర్లు చెబుతారు. ఆ పేరును చూసి కాకుండా చేవను చూసి ధర కట్టండి. తోటల్లో పన్నెండు, పదిహేనేళ్ళకే కొట్టిన సన్నని టేకులో చేవ కొద్దిగానే ఉండి, చుట్టూ తెల్లచెక్కే (బెరడు కింది లేత భాగం) ఎక్కువగా ఉంటుంది. ఆ తెల్లచెక్కకు టేకు అన్న పేరే గాని టేకు గుణం లేదు.

వేప. మన నేలలో విరివిగా దొరుకుతుంది, ధర తక్కువ, ఎర్రటి చేవకు పురుగు పట్టడం అరుదు. "వేపకు చెదలు పట్టవు" అన్న మాట చేవకే వర్తిస్తుంది. తెల్లచెక్కను చెదలు తినేస్తాయి. వేప నార (చెక్కలోని పోగులు) ఒకదానికొకటి ఎదురుగా అల్లుకుని ఉంటుంది కాబట్టి చిత్రిక పట్టేటప్పుడు ఒక చోట నునుపుగా, పక్కనే పీచుగా లేస్తుంది. ఉలి పదును బాగా ఉంచి, పల్చటి పొరలుగా తీయాలి. ఓపికగా ఆరబెట్టగలిగితే ద్వారబంధానికి వేప చాలా మంచిదని నా అభిప్రాయం.

వేగిస. దీన్నే కొందరు పెద్దేగి అంటారు. గట్టిది, బరువైనది, చెదలను బాగా ఆపుతుంది. తడిస్తే మాత్రం దీని నుంచి పసుపు రంగు నీరు దిగి సున్నం గోడ మీద మరకలు పడతాయి. వేగిస వాడదలిస్తే గోడకు ఆనే ముఖానికి ముందుగా పూత వేయడం తప్పనిసరి.

నల్లమద్ది. ఘనపుటడుగు 24, 25 కిలోల దాకా తూగే బరువు చెక్క. గడపకూ ద్వారబంధానికీ బాగుంటుంది. త్వరగా ఆరబెడితే పైముఖం మీద నెర్రెలు పడతాయి. రెక్కకు నేను వద్దంటాను: పైన చెప్పిన కొలతలో నిండు రెక్క టేకుతో 56 కిలోల చుట్టూ ఉంటే, నల్లమద్దితో 75 కిలోల చుట్టూ ఉంటుంది. బందులు (తలుపు తిరిగే కీళ్ళు), వాటి మరలు అంత బరువును ఏళ్ళ తరబడి మోయలేవు.

తుమ్మ బండి చక్రాలకూ నాగళ్ళకూ పనికొచ్చినట్టు రెక్కకు పనికిరాదు. మామిడిని వాన తగిలే చోట పెట్టకూడదు. జామాయిల్ ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది. ఎర్రచందనం మన శేషాచలం, పాలకొండ, లంకమల కొండల మానే అయినా, దాన్ని అనుమతి లేకుండా కొట్టడం, తరలించడం, దగ్గర ఉంచుకోవడం నేరం. ఎవరైనా "పాత నిల్వ" అని చెప్పి చూపించినా ముట్టుకోవద్దు.

పాత ఇంటి చెక్క. నా దృష్టిలో మన ప్రాంతంలో దొరికే అన్నిటికన్నా మేలైన చెక్క ఇదే. పాత మిద్దెలు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, దంతెలు, ద్వారబంధాలు ఎన్నో ఎండాకాలాలను చూసి ఉంటాయి కనుక, మెలి తిరగవలసినదంతా అప్పటికే తిరిగిపోయి ఉంటుంది. కొనే ముందు రెండు చివర్లా, గోడలో దిగిన భాగంలోనూ ఉలితో గుచ్చి చూడండి. ఉలి సులభంగా దిగితే ఆ మేరకు కోసి పారేయాలి. రంపానికి ఇచ్చే ముందు అయస్కాంతంతో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వెతికి, మేకులన్నీ పీకాలి.

సొంత పొలంలోని చెట్టు కొట్టదలిస్తే ముందుగా అటవీ శాఖ రేంజ్ కార్యాలయంలో అనుమతి సంగతి కనుక్కోండి. డిపోలో కొంటే బిల్లు, రవాణా అనుమతి పత్రం అడిగి తీసుకోండి.

4. డిపోలో ఒక్కొక్క పలకనూ పరీక్షించే వరుస

చెక్కను మధ్యాహ్నం వెలుతురులో, ఆరుబయటకు తీయించి చూడండి. చీకటి కొట్టులో చూసి కొన్న చెక్కకు పూచీ ఉండదు.

మొదట కోసిన చివరను చూడండి. చివరలో వలయాలు కనిపిస్తాయి. ఆ వలయాలు పలక వెడల్పు ముఖానికి దాదాపు నిటారుగా నిలబడి ఉంటే అది మేలైన కోత. అవి విల్లులా వంగి, వెడల్పు ముఖానికి సమాంతరంగా పడుకుని ఉంటే ఆ పలక ఎక్కువగా కుంచించుకుని, దోనెలా వంగుతుంది.

ఈ తేడా చిన్నది కాదు. అడుగు వెడల్పున్న టేకు పలకలో తేమ 14 శాతం నుంచి 7 శాతానికి దిగితే, వలయాలు పడుకున్న కోతలో వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు తగ్గుతుంది. వలయాలు నిలబడిన కోతలో అందులో సగమే తగ్గుతుంది. మూడున్నర అడుగుల రెక్కను పడుకున్న కోత పలకలతోనే అతికిస్తే వానకాలానికీ వేసవికీ మధ్య 14 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. వానలో తలుపు బిగుసుకుపోవడానికీ, వేసవిలో సందుల్లోంచి వీధి కనిపించడానికీ కారణం ఇదే.

చివరలోనే మాను నడిబొడ్డు ఉందేమో కూడా చూడండి. నడిబొడ్డు చుట్టూ పగుళ్ళు నక్షత్రంలా విచ్చుకుంటాయి కాబట్టి, అది ఉన్న చెక్కను ద్వారబంధానికి కూడా తీసుకోవద్దు.

తరువాత పలకను ఒక అంచు నుంచి కంటి ఎత్తులో పెట్టి, ఒక కన్ను మూసి, పొడవునా చూడండి. పొడవునా వచ్చిన కొద్దిపాటి వంపును చిత్రికతో సరిచేయవచ్చు. ఒక మూల లేచి మెలి తిరిగిన పలకను మాత్రం పక్కన పెట్టేయండి.

ఆ తరువాత నార. అది అంచుకు సమాంతరంగా, చివరి నుంచి చివరి దాకా సాగాలి. అడుగు పొడవులో అంగుళానికి మించి పక్కకు జారితే ఆ పలకను రెక్క చట్రంలోని నిలువు బద్దలకు వాడవద్దు.

రంగును నమ్మవద్దు. అమ్మకానికి పెట్టిన చెక్క మీద రంగు పూయడం, పగుళ్ళలో జిగురుతో కలిపిన చెక్కపొట్టు కూరడం మామూలే. ఒక మూలను చిత్రికతో గీకించి లోపలి రంగు చూడండి. థిన్నర్‌లో తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే పూత ఉన్నదీ లేనిదీ గుడ్డే చెబుతుంది.

తీసుకోకూడనివి:
- సన్నని సూది బెజ్జాలు, తట్టినప్పుడు పిండి రాలడం
- అంచున తెల్లచెక్క మందంలో సగానికి మించి ఉండటం
- చుట్టూ నల్లటి గీత ఉండి కదులుతున్న ముడి
- చివర నుంచి అడుగుకు మించి లోపలికి పోయిన పగులు

చిన్నదై, గట్టిగా పట్టుకుని ఉన్న ముడి వల్ల భయం లేదు. కుసి, బెజ్జం వచ్చే చోటా, బందు మర దిగే చోటా లేకుండా చూసుకుంటే చాలు.

5. తేమ

నేను చేసిన మొదటి తలుపు మా పొలంలోని వేపతో చేసింది. చెట్టు కొట్టిన మూడు నెలలకే పలకలు కోయించి, రెక్క అతికించి, వార్నిష్ వేసి నిలబెట్టాను. ఉగాది నాటికి గడియ వైపు పై మూల బొటనవేలంత ముందుకు వచ్చి, గడియ పడటం మానేసింది. ఆ చెక్కలో ముడి లేదు, పురుగు లేదు, చేవ నిండుగా ఉంది. ఆరలేదు, అంతే. ఇంత పొడుగ్గా ఈ భాగాన్ని రాయడానికి కారణం ఆ తలుపే.

మన వైపు మే నెల గాలిలో ఉన్న చెక్క 7 శాతం చుట్టూ తేమకు దిగుతుంది. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో 13, 14 శాతానికి ఎక్కుతుంది. తలుపు పని మొదలుపెట్టే నాటికి చెక్క ఈ రెండింటి నడుమ, 10 శాతానికి దగ్గరగా ఉండాలి. 12 దాటితే ఆగండి.

తేమ మీటరు ఉంటే చివర నుంచి అడుగు లోపల, కనీసం మూడు చోట్ల చూడండి. పైపొర ఆరి లోపల పచ్చిగా ఉండవచ్చు కాబట్టి, ఒక పలకను అడ్డంగా కోసి ఆ కొత్త ముఖం మీద కూడా చూడాలి.

మీటరు లేకపోతే తూకంతో కచ్చితంగా తేల్చవచ్చు:

- పలక చివర నుంచి అడుగు వదిలేసి, అంగుళం మందాన పూర్తి అడ్డకోత ముక్క తీయండి.
- వెంటనే గ్రాముల తూకంలో తూచి రాసుకోండి.
- 100 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఓవెన్‌లో ఉంచండి. రెండు మూడు గంటల తేడాతో తూచిన రెండు తూకాలు సమానంగా వచ్చేదాకా ఆరబెట్టండి. ఆ సేపంతా దగ్గరే ఉండండి.
- మొదటి తూకంలోంచి చివరి తూకం తీసేసి, వచ్చినదాన్ని చివరి తూకంతో భాగించి, 100తో గుణించండి.

168 గ్రాముల ముక్క 146 గ్రాములకు దిగిందనుకుందాం. తేడా 22, దాన్ని 146తో భాగిస్తే సుమారు 15 శాతం. ఈ చెక్క ఇంకా పనికి రాలేదు.

ఓవెన్ కూడా లేనివారు దొంతరలోంచి ఒకే పలకను గుర్తు పెట్టుకుని వారానికొకసారి తూచండి. మూడు వారాలు వరుసగా తూకం మారకపోతే ఆ చెక్క మీ ఇంటి గాలికి అలవాటు పడినట్టే.

6. ఇంట్లో దొంతర పేర్చడం

అంగుళం మందానికి ఒక ఏడాది అని పాత లెక్క. మన పొడి గాలికి అంతకన్నా త్వరగానే ఆరుతుంది గాని, ఇక్కడి ప్రమాదం ఆలస్యం వల్ల వచ్చేది కాదు, తొందర వల్ల వచ్చేది. ఎండలో పెట్టిన పచ్చి పలక పైన ఎండి, లోపల తడిగా ఉండి, చీలిపోతుంది.

నీడ ఉండి గాలి ఆడే చోట, వరండాలోనో కొట్టంలోనో, నేల నుంచి అడుగు ఎత్తున ఇటుకలు లేదా కడప బండలు సమమట్టంగా పేర్చండి. వాటి మీద పలకలు పరుస్తూ, ప్రతి వరుసకూ నడుమ ఒకే మందం ఉన్న రీపరు ముక్కలు (సన్నని చెక్క బద్దలు) ఒకటిన్నర అడుగుల దూరంలో పెట్టండి. రీపరు ముక్కలన్నీ పై నుంచి కింది దాకా ఒకే నిలువు వరుసలో ఉండాలి. అటూ ఇటూ జరిగితే పలక ఆ వంపులోనే ఆరిపోతుంది. పైన బరువైన బండలు పెట్టండి.

కోసిన చివర్లకు మైనం గాని చిక్కటి పెయింటు గాని పూయండి. చెక్కలోని తేమ చివర్ల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, పగుళ్ళు మొదలయ్యేది అక్కడే.

నేను పాటించే కాలక్రమం ఇది: వానలు వెనకబట్టాక నవంబరులో కొని పేర్చడం, వేసవి పొడవునా వదిలేయడం, జూన్‌లో గాలి కొంత చల్లబడ్డాక పని మొదలుపెట్టడం. డిపోలో యంత్రంతో ఆరబెట్టిన చెక్క కొన్నా, మూడు నాలుగు వారాలు ఇంట్లో ఇలాగే ఉంచాలి.

7. ఏ ముక్కను ఎక్కడ వాడాలి

ఆరిన పలకలన్నిటినీ నేల మీద పరిచి, సుద్దముక్కతో గుర్తులు పెట్టుకోండి. అన్నిటికన్నా తిన్నగా, వలయాలు నిటారుగా ఉన్న వాటిని రెక్క నిలువు బద్దలకు కేటాయించండి. తలుపు తిన్నగా నిలవడం ఈ రెండు బద్దల మీదే ఆధారపడి ఉంటుంది. చేవ నిండుగా ఉన్నవి అడుగు అడ్డబద్దకూ గడపకూ పోవాలి. అందమైన రేఖలు ఉన్నవి, పడుకున్న కోతవి మధ్య పలకలకు సరిపోతాయి.

మధ్య పలకలను గాడిలో వదులుగా కూర్చోబెట్టాలి, జిగురు పెట్టకూడదు. అవి గాడి లోపలే పెరిగి తరుగుతుంటే రెక్క వెడల్పును నిర్ణయించేది రెండు నిలువు బద్దల కదలిక మాత్రమే. అది రెండు, మూడు మిల్లీమీటర్లు మించదు. పలకలన్నీ కలిపి అతికించిన నిండు రెక్కకన్నా చట్రం కట్టిన రెక్కను నేను గట్టిగా సిఫారసు చేయడానికి ఇదే కారణం.

టేకును అతికించేటప్పుడు దానిలోని నూనె జిగురును పట్టనివ్వదు. జిగురు పెట్టే ముందు ఆ ముఖాన్ని థిన్నర్‌తో తుడిచి, ఆరగానే నీటిని తట్టుకునే జిగురు వాడండి. మరలు ఇత్తడివి గాని స్టెయిన్‌లెస్ స్టీలువి గాని అయి ఉండాలి. ఇనుప మేకు తడిసినప్పుడు దాని చుట్టూ చెక్క మీద నల్లగా మరక పడుతుంది. మామిడి తోరణానికి ప్రతి పండుగకూ కొత్త మేకు కొట్టకుండా, పైకమ్మీకి రెండు ఇత్తడి కొక్కేలు ముందే బిగించుకోండి.

బిగించే ముందు:
- ద్వారబంధంలో గోడకు ఆనే ముఖాలకు తారు పూత
- గడప అడుగున రాతి బండ, చెక్క మట్టిని తాకకుండా
- ద్వారబంధం కాళ్ళ అడుగునకూ, రెక్క అడుగు, పై అంచులకూ రెండు పూతలు
- రెక్కకు లోపలి వైపు, బయటి వైపు సమానంగా పూత

ఈ చివరిది చాలామంది దాటవేస్తారు. బయట మూడు పూతలు, లోపల ఒక్కటి వేస్తే తేమ ఒకవైపు నుంచే వస్తూ పోతూ రెక్కను వంచుతుంది.

8. పొరపాటు జరిగాక

వానల్లో బిగుసుకుంటోంది. వెంటనే చిత్రిక పట్టవద్దు. వానలు వెనకబట్టి నెల రోజులు గడిచాక కూడా రాసుకుంటే, అప్పుడు గడియ వైపు అంచును తగ్గించి, ఆ అంచుకు తిరిగి పూత వేయండి. మొదటే సరైన సందు వదిలితే ఈ బెడద ఉండదు: మే నెలలో బిగిస్తే 5 మిల్లీమీటర్లు, జూన్, జూలైలో 4, తడి నెలల్లో 3.

గడియ వైపు పై మూల ముందుకు వచ్చింది. ఎంత వచ్చిందో కొలిచి, అందులో సగం మేర కింది బందును అదే దిశకు జరిపి బిగించండి. 10 మిల్లీమీటర్ల లోపు మెలికను ఇలా దాచవచ్చు. అంతకు మించితే ఆ నిలువు బద్దను మార్చాల్సిందే.

పిండి రాలుతోంది. అది పుచ్చు పురుగు, తెల్లచెక్కలోనే ఉంటుంది. బెజ్జాల్లోకి పిచికారీతో చెక్క పురుగుల మందు ఎక్కించి, మైనంతో మూసి, రెండు నెలలు గమనించండి. కొత్త పిండి కనిపిస్తే ఆ భాగాన్ని చేవ దాకా కోసి, చేవ ముక్క అతికించండి.

అడుగు అంచు నల్లబడి మెత్తబడింది. కల్లాపి నీళ్ళు అక్కడ నిలుస్తున్నాయి. మెత్తబడిన మేరకు కోసేసి, ఆరిన టేకు చేవ బద్దను నీటిని తట్టుకునే జిగురుతోనూ ఇత్తడి మరలతోనూ అతికించండి. దాని అడుగు ముఖాన, అంచుకు అరంగుళం లోపలగా, సన్నని గాడి ఒకటి పొడవునా తీయండి. ఆ గాడి దగ్గరే నీటి చుక్క ఆగి కిందికి రాలిపోతుంది, రెక్క అడుగు వెంట లోపలికి పాకదు.